నాలుగో మూల

పిట్టలకొండ మీద పొద్దున్నే అందరూ మొదట చూసేది ఆకాశాన్ని కాదు, రాత్రి తీసిన ఫొటోకు నాలుగు మూలల్ని. మధ్యలో ఏం పడిందన్నది తర్వాత సంగతి. మూలల్లో చుక్కలు ఆవగింజల్లా గుండ్రంగా ఉంటే ఆ రోజు టెలిస్కోపు కెమెరా చూసుకునే ఇలియాస్ నవ్వుతూ టిఫిను తింటాడు. ఏ మూలనైనా జీలకర్రలా సాగి ఉంటే ఆ పూట అతన్ని ఎవరూ పలకరించరు.

ఆ రోజు జీలకర్రే.

"మళ్ళా అదే మూల సార్. కుడిపక్క పైమూల. మూడు బాగుండాయి, నాలుగోది చూడండి ఎట్ల సాగిందో!"

డాక్టర్ మాల్యాద్రి కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని తెర దగ్గరికి వంగాడు. ఆ టెలిస్కోపుకు పెద్ద ఆయనే. "కెమెరాకు వేలాడే కేబుల్ బరువు అటు లాగుతోందేమో. ఇటు తిప్పి కట్టు."

"నిన్న ఇటే కడితి."

"అయితే అటు కట్టు."

బొరుగులతో చేసిన ఉగ్గాని ప్లేట్లు బల్ల మీద పెడుతున్న నాగవేణికి నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. కొండ మీద పనిచేసేవాళ్ళందరికీ వండిపెట్టేది ఆమే. భర్త ఓబులేసు జీపు నడుపుతాడు, కింది నుంచి నీళ్ళ ట్యాంకరు తెస్తాడు. కొండ నడుమ ఉన్న క్వార్టర్సులో కాపురం. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన మనిషైనా రోజూ వింటూ వింటూ ఆమెకు ఒకటి మాత్రం అర్థమైంది. టెలిస్కోపు వెనక కెమెరా, చెంబుకు మూత కూర్చున్నట్టు సరిగ్గా కూర్చోవాలి. వెంట్రుక మందం ఒరిగినా ఒక మూల చుక్కలు చెడతాయి. మరలు బిగించి సరిచేయొచ్చు గానీ, టెలిస్కోపు ఆకాశంలో ఇంకో పక్కకు తిరగగానే కెమెరా బరువు ఇంకో పక్కకు వాలుతుంది. సరిచేసింది మళ్ళీ చెడుతుంది.

దానికోసమే మాల్యాద్రి కడియం తయారుచేశాడు. టెలిస్కోపుకూ కెమెరాకూ నడుమ బిగించే వలయం అది. చూడటానికి గాజూ స్టీలూ. లోపల మాత్రం జీవం ఉంది. కళ్ళు మూసుకున్నా మనం నిలువుగా ఉన్నామో ఒరిగామో చెప్పే కణాలు చెవి లోపల ఉంటాయి కదా, అలాంటివాటిని ప్రయోగశాలలో పెంచి ఆ వలయంలో నింపారు. కెమెరా కాస్త ఒరగబోతే కణాలు ముందే పసిగడతాయి. మూడు సన్నటి సూదులు అటూ ఇటూ జరిగి దాన్ని నిలబెడతాయి. సాయంత్రం పూట సన్నని గొట్టంలోంచి దానికి పోషక ద్రవం పోయాలి. "పాపకు పాలు పట్టి వస్తా," అనేవాడు ఇలియాస్.

రెండేళ్ళు ఆ కడియం చుక్కల్ని ఆవగింజల్లా నిలబెట్టింది. ఎండాకాలం పోయినప్పటి నుంచే ఈ నాలుగో మూల.

ఇంటి దగ్గర నాగవేణి దిగులు వేరు. కూతురు హంసికకు మూడేళ్ళు నిండబోతున్నాయి. నడిచేటప్పుడు కుడి భుజం మీదికి వాలిపోతుంది. గోడ పట్టుకునే గడప దాటుతుంది.

"ఎప్పుడు జూసినా ఎడమ చంకనే ఎత్తుకుంటివి. బిడ్డ అట్ల వంగక ఏం జేస్తాది?" అనేది అత్త సుంకమ్మ.

నాగవేణి కుడి చంకకు మార్చింది. నడుము నొప్పి పుట్టింది తప్ప పిల్ల నడక మారలేదు. ఈమధ్య ఇంకో భయం మొదలైంది. వెనక నుంచి పిలిస్తే ఒక్కోసారి పిల్ల తిరగడం లేదు. ఆమె గిన్నె మీద గరిటె కొట్టి చూసేది. తిరిగితే ప్రాణం లేచొచ్చేది. తిరగకపోతే మళ్ళీ కొట్టేది, ఈసారి గట్టిగా.

"ఆటలో పడి ఇనుకోల్యా. నీకు ప్రతిదానికీ భయమేనే," అనేవాడు ఓబులేసు. కానీ ఆ మాట అంటున్నప్పుడు అతను పిల్ల వైపు చూసేవాడు కాదు.

ఒక సాయంత్రం, ఎండ ఇంకా ఉండగానే, నాగవేణి పిల్లను వెంటబెట్టుకుని పైకి టీ పట్టుకెళ్ళింది. సిమెంటు వాకిట్లో హంసిక నాన్న జీపు వైపు పరుగెత్తింది. జీపు ఎదురుగా ఉంది. పిల్ల కాళ్ళు మాత్రం కుడికి కుడికి పోయి ఇనుప మెట్లకు కొట్టుకుంది.

"హంసికా!" వెనక నుంచి మాల్యాద్రి అరిచాడు. పిల్ల తిరగలేదు.

ఆయన దిగి వచ్చాడు. పిల్ల కుడిచెవి పక్కన చప్పట్లు కొట్టాడు. అది మోచెయ్యి మీద గీసుకున్న చోటు చూసుకుంటూ ఉంది. ఎడమవైపు కొట్టాడు. తలెత్తి నవ్వింది. ఆయన పిల్లను చూశాడు, టెలిస్కోపు ఉన్న గుమ్మటం వైపు చూశాడు. టీ ముట్టుకోకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆయనే క్వార్టర్సుకు వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు.

"నాగవేణమ్మా, పాపకి చెవి పరీక్ష చేయించాలి. ఆలస్యం చెయ్యొద్దు."

"చెవికేమైంది సార్? చీము గూడా పట్టలేదే."

"లోపలమ్మా. మనిషికి తూకం చెప్పే చోట." ఆయన ఓబులేసు వైపు తిరిగాడు. "నువ్వు ఈమెకి చెప్పలేదా?"

ఓబులేసు నేల చూపులు చూశాడు.

మాల్యాద్రే చెప్పాడు. హంసిక పుట్టిన రోజు బొడ్డు కోశాక మిగిలిన పేగును పారేయకుండా తనకిమ్మని ఆయన అడిగాడు. ఓబులేసు సంతకం పెట్టాడు. నాగవేణి అప్పుడు ఒళ్ళు తెలియకుండా ఉంది. ఆ పేగులోని కణాల్నే పెంచి కడియంలో నింపారు.

"యెట్లాగూ పారేసేదే గదా అని..." అన్నాడు ఓబులేసు.

కూరగాయలు తరుగుతున్న సుంకమ్మ కత్తిపీట మీంచి లేచింది. "ఊడిన బొడ్డుముక్కను చీమకు గూడా అందకుండా వెండి తాయెత్తులో పెట్టి బిడ్డ మొలతాడుకు కట్టినా. మిగిలిందంతా నువ్వు తీసకపోయి మరలకు బిగిస్తివా నాయనా? పరాయి చేతిలో పడితే బిడ్డకు మంచిది కాదని నీకు ఎవురూ చెప్పల్యా?"

మాల్యాద్రి ఇంకేదో చెప్పబోయాడు. వినేవాళ్ళు లేరు. సుంకమ్మ కొడుకును తిడుతోంది. నాగవేణి పిల్లను ఒళ్ళోకి లాక్కుని దాని రెండు చెవులూ అరచేతులతో మూసింది, ఎవరో వాటిని లాక్కుపోవడానికి వచ్చినట్టు.

ఆమె మనసులో అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇలియాస్ మర బిగించిన రోజే పిల్ల గడప దగ్గర పడింది. కేబుల్ అటు తిప్పి కట్టిన రోజే జ్వరం వచ్చింది. "ఇంకొంచెం వంచు, ఇంకొంచెం వంచు," అని వాళ్ళు అంటుంటే తను ఉగ్గాని వడ్డించింది. వాళ్ళు వంచింది దేన్ని?

మర్నాడు మధ్యాహ్నం క్యారియరు పట్టుకుని గుమ్మటంలోకి వెళ్ళింది. రాత్రంతా మేలుకునేవాళ్ళు కాబట్టి ఆ వేళప్పుడు అందరూ పడుకుని ఉంటారు. ఇలియాస్ పనిముట్ల పెట్టెలో వంకర తాళంచెవి లాంటిది ఉంటుంది, దానితోనే అతను మరలు తిప్పుతాడు. తీసుకుంది. మొదటి మర వదులైంది. రెండోదీ వదులైంది. కెమెరా చిన్నగా కిందికి కుంగింది.

"మూడోది కూడా తిప్పావంటే అది నీ కాళ్ళ మీద పడుతుందమ్మా."

గుమ్మంలో మాల్యాద్రి.

"పడనీండి సార్. నా బిడ్డను నాకిచ్చేయండి."

ఆయన వచ్చి ఆమె చేతిని లాగలేదు. తన రెండు అరచేతులూ కెమెరా కింద పెట్టి బరువు మోశాడు. "ఇంటికి తీసుకెళ్ళి ఏం చేస్తావు?"

"ఏమో. మీరు దీన్ని తిప్పకుండా చేస్తా. మీరు ఈడ తిప్పినప్పుడల్లా అది ఆడ పడతాండాది."

"కాదమ్మా. దీనికీ పాపకీ మధ్య తీగేం లేదు. మేం దీన్ని తిప్పినందుకు పాప ఒరగలేదు. ఇద్దరూ కవలపిల్లలనుకో. పుట్టుకతో వచ్చిన లోపం ఒకటే. పాప పగలు ఆడుకుని రాత్రి పడుకుంటుంది. దీన్ని మేం ఒక్క నిమిషం పడుకోనివ్వలేదు. ఆమెకు ఏళ్ళ మీద పడాల్సిన అరుగుదల దీనికి నెలల్లో పడింది. ఇది పాప కన్నా ముందు నడుస్తోంది. దీనికి ఇవాళ ఏమవుతోందో..."

నాగవేణి చేతిలోని పనిముట్టు దించింది.

"పాపకు రేపు అవుతాదా?"

ఆయన తలాడించాడు.

"ఏమవుతాది సార్?"

"నడక తప్పుతుంది. తర్వాత వినికిడి."

"మందు లేదా?"

"ఉన్నాయి. ఇంత చిన్నపిల్లలకి ఎవరూ ఇచ్చి చూడలేదు. ఏది పనిచేస్తుందో, ఎంత ఇవ్వాలో తెలీదు. చెయ్యి జారి ఎక్కువైతే మిగిలిన కణాలు కూడా పోతాయి."

ఆమె ఆ వలయాన్ని చూసింది. గాజు వెనక లేత గులాబీరంగు గీత ఒకటి కనిపిస్తోంది. ఇన్నాళ్ళూ ఎన్నోసార్లు చూసింది, అదేమిటని అడగలేదు.

"ముందు నడుస్తాంది అంటిరి గదా సార్. మందు గూడా ముందు దీనికి పోసి చూస్తే?"

మాల్యాద్రి తలెత్తి ఆమెను చూశాడు. అరచేతుల మీద కెమెరా బరువుతోనే ఆయన ఆ మాటను లెక్కవేశాడు. వేరే కణాలతో పెంచిన కొత్త కడియం వచ్చి చల్లపెట్టెలో సిద్ధంగా ఉంది. వానలు వెనక్కి తగ్గాయి. ఇప్పటి నుంచి శివరాత్రి దాకా ఆకాశం కడిగినట్టు ఉంటుంది. పసివయసులో ఉన్న ఒక నక్షత్రం చుట్టూ దుమ్ము వలయం ఉందని, అందులో గ్రహాలు పుడుతున్నాయని ఆయన నమ్మకం. దాన్ని ఫొటోలో చూపించాలని ఏళ్ళ తరబడి ఎదురుచూశాడు. ఈ కడియానికి మందు పోసి చూడాలంటే ఆ మంచికాలమంతా టెలిస్కోపు ఒకే చోటికి తిరిగి, ఒకే మూలలో చుక్కల సాగుడు కొలుస్తూ కూర్చోవాలి.

"మొదటిది బిగించమ్మా," అన్నాడు చివరికి. "నేను పట్టుకున్నాను."

బెంగళూరులో పెద్ద ఆసుపత్రివాళ్ళు పరీక్షలు చేసి మాల్యాద్రి అనుమానించిందే నిజమన్నారు. సాయంత్రాలు కడియానికి పోసే ద్రవంలో ఇప్పుడు మందు చుక్కలు కలుస్తున్నాయి. పొద్దున్నే నాగవేణి పొయ్యి కట్టేసి, చేతులు కూడా తుడుచుకోకుండా తెర దగ్గరికి వస్తోంది.

మొదటి మందుతో చుక్కలు సుద్దముక్కతో గీసినట్టు చారలయ్యాయి. పక్క మూల కూడా చెడటం మొదలైంది. ఇలియాస్ తెర మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"చూడొద్దులే చెల్లీ."

"చెయ్యి తియ్యన్నా."

తీశాడు. ఆమె బల్ల అంచు పట్టుకుంది. "ఈ మందు నా బిడ్డకు పోసింటే?"

మందు ఆపేశారు. ఆ చారలు మళ్ళీ జీలకర్రగా మారడానికి చాలా రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు, హంసికకు తప్ప. అది పప్పన్నం తిని, ఇంకా కావాలని కుడివైపుకు వాలి గిన్నె చాపేది.

సుంకమ్మ మొదట్లో కడియం పేరెత్తితే ముఖం తిప్పుకునేది. ఒకరోజు కోడలు కొండ దిగి రాగానే ఎదురొచ్చింది.

"ఈ పొద్దు ఎట్లుండాది?"

"ఆడుకుంటాంది గదత్తా, చూడల్యా?"

"ఇది కాదు. పెద్దది."

నాగవేణికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక అత్త చెయ్యి పట్టుకుంది. "నిన్నటి మాదిరే ఉండాదత్తా," అంది.

టెలిస్కోపు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ తరఫున హైదరాబాదు నుంచి ఇద్దరు వచ్చారు. సీజను ఫొటోలు చూపించమన్నారు. మాల్యాద్రి ఉన్నవే చూపించాడు.

"మంచి రోజులన్నీ ఒక మూల చుక్కలు చూస్తూ గడిపారా?"

"అవునండి."

"కొత్తది పెట్టెలో పెట్టుకుని?"

"అవును."

కారణం విన్నారు. చెడ్డవాళ్ళేం కాదు. భోజనాల దగ్గర వాళ్ళలో పెద్దామె హంసికను ఒళ్ళో కూర్చోబెట్టుకుని అరటిపండు ఒలిచి పెట్టింది. అయినా వెళ్ళేముందు చెప్పాల్సింది చెప్పే వెళ్ళారు. కొత్త సీజనుకు టెలిస్కోపు వేరొకరి చేతికి పోతుంది. వాళ్ళను దింపి వచ్చిన ఓబులేసు జీపు దగ్గరే నిలబడిపోయాడు.

"నేను ఆ పొద్దు సంతకం పెట్టకపోయింటే మీకు ఈ తిప్పలు ఉండేవి కాదు సార్."

"నువ్వు పెట్టకపోతే పాప సంగతి మనకి తెలిసేదీ కాదు," అన్నాడు మాల్యాద్రి. "ఓబులేసూ, అడగాల్సింది నిన్ను కాదు. ఆమెకి తెలివొచ్చేదాకా నేను ఆగాల్సింది."

రెండో మందు చాలా కొద్దిగా మొదలుపెట్టారు. చుక్కలు గుండ్రబడలేదు. సాగనూ లేదు. ఇలియాస్ కొలిచిందే కొలిచాడు. కాస్త పెంచారు. కాస్త గుండ్రబడ్డాయి. ఇంకా పెంచితే మళ్ళీ సాగాయి. వెనక్కి తగ్గారు. అలా తగ్గించీ పెంచీ ఒకచోట నిలిపాక, ఒక పొద్దున ఇలియాస్ ఆమెను కేకేసి పిలిచాడు.

"ఆవగింజ కాదు గానీ చెల్లీ, జీలకర్ర గూడా కాదు. ఏమంటావు దీన్ని?"

ఆమె వంగి చూసింది. కొంచెం కోలగా, కొంచెం గుండ్రంగా. "ధనియం," అంది.

ఆ ధనియం అలాగే నిలిచింది. రోజులు గడిచినా మారలేదు.

ఆసుపత్రివాళ్ళు ఆ ఫొటోలన్నీ వరసగా పెట్టుకుని చూశారు. వాళ్ళలో వాళ్ళు వాదించుకున్నారు. చివరికి పాపకు అదే మందు, దాని ఒంటికి తగ్గ లెక్కన ఇస్తామన్నారు. నర్సు చెంచా పట్టుకొస్తే నాగవేణి అందుకుంది. "నేను పోస్తా సిస్టర్." చివరి చుక్క దాకా పోసింది. పోశాక పిల్ల మూతి కొంగుతో తుడిచింది.

నెలలు గడిచాయి. హంసిక ఇప్పటికీ కాస్త కుడికి ఒరిగే నడుస్తుంది. గోడ మాత్రం పట్టుకోదు. కుడిచెవికి మందగించింది మందగించినట్టే ఉంది. "వినికిడి ఇంకా తగ్గలేదు, అంతే ఉంది," అన్నాడు బెంగళూరు డాక్టరు, చిన్న విషయం చెప్పినట్టు. తిరుగు బస్సులో నాగవేణి ఆ మాటను తనలో తను అనుకుంటూనే ఉంది. తగ్గలేదు. అంతే ఉంది.

కడియం మాత్రం మిగల్లేదు. మందు దాని రోగాన్ని ఆపింది గానీ ముసలితనాన్ని ఆపలేకపోయింది. ఒక పొద్దున నాలుగు మూలలూ ఒక్కసారే చెదిరిపోయి ఉన్నాయి. ఇలియాస్ మరలు విప్పి రెండు చేతులతో దించాడు. గులాబీరంగు గీత తెల్లబడి ఉంది. ఆ పూట టిఫిను ఎవరూ ముట్టలేదు. కింద సుంకమ్మ పొయ్యి వెలిగించలేదు.

కొత్త కడియం బిగించిన మర్నాడు గుమ్మటంలో సందడి. మాల్యాద్రి స్థానంలో వచ్చిన కుర్ర శాస్త్రవేత్త చప్పట్లు కొట్టాడు. నాలుగు మూలలూ ఒకదానికొకటి తీసిపోకుండా గుండ్రంగా ఉన్నాయి. ఇలియాస్ ఎన్నాళ్ళకో నవ్వాడు. నాగవేణి అందరితో పాటు చూసింది. తర్వాత పక్కగదిలోకి వెళ్ళింది. మాల్యాద్రి పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకుంటున్నాడు.

"అది ఎవరి బిడ్డది సార్?"

ఆయన చేతిలో పుస్తకం అలాగే ఉండిపోయింది. "తెలీదమ్మా. కణాల బ్యాంకువాళ్ళు పేరు తీసేసి పంపుతారు."

"ఆ తల్లికి తెలుసునా?"

"సంతకం పెట్టే ఉంటుంది."

"సంతకం మా ఆయన గూడా పెట్టినాడు."

మాల్యాద్రి అట్టపెట్టె మీదే కూర్చుండిపోయాడు.

"మీరంటే మా పాపను కళ్ళారా చూస్తిరి. ఒక ఇంటి మాదిరి ఉంటిమి కాబట్టి తెలిసె. రేపు ఈ చుక్కలు సాగితే ఈ కొత్తాయన ఏం జేస్తాడు? కేబులు తిప్పి కడతాడు. అది కుదరకపోతే ఇంకోటి తెప్పిస్తాడు. ఆ యమ్మకు ఎవరు చెప్తారు సార్? యాడ ఉండాదో, బిడ్డ నడస్తాంటే యా పక్క ఒరుగుతాందో అని ఆమె గూడా నా మాదిరే చంకలు మారుస్తాంటాది గదా?"

ఆయన ఆ మధ్యాహ్నమే కణాల బ్యాంకుకు ఫోను చేశాడు. గట్టిగా మాట్లాడాడు, బతిమాలాడు, మళ్ళీ గట్టిగా మాట్లాడాడు. కడియంలో ఏ తేడా కనిపించినా ఆ ఇంటికి కబురు చేరే దారి ఉండాలన్నాడు. ఆలోచిస్తామన్నారు అవతలివాళ్ళు.

"వాళ్ళ ఆలోచన అయ్యేదాకా నేను వదలనమ్మా," అన్నాడు జీపు ఎక్కుతూ. "ఈలోపు..."

"ఈలోపు నేనుండా గదా సార్," అంది నాగవేణి.

ఇప్పుడు పొద్దున్నే ఆమె ప్లేట్లు బల్ల మీద పెట్టి, వడ్డించకుండా ముందు తెర దగ్గరికి పోతుంది. ఒక్కొక్క మూలా పెద్దదిగా చేసి చూపించమని ఇలియాస్‌ను అడుగుతుంది. కొత్త శాస్త్రవేత్తకు అది వింతగా తోచింది.

"వంటావిడకి మూలలతో ఏం పనండీ?"

"చూసుకోనీ సార్," అన్నాడు ఇలియాస్. "ఆమె పని ఆమె చేసుకుంటాంది."

ఆమెకు ఆ మాటలు వినబడలేదు. మొదటి మూల చూసింది. రెండోది చూసింది. మూడోది. నాలుగో మూల దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టి, చుక్క తర్వాత చుక్క, అంచు దాకా చూసుకుంటూ పోయింది. అన్నీ గుండ్రంగానే ఉన్నాయి.

"ఈ పొద్దు బాగుండాదిలేమ్మా," అంది నెమ్మదిగా, ఎక్కడో గరిటె పట్టుకుని బిడ్డను వెనక నుంచి పిలుస్తున్న ఆ తల్లితో. అప్పుడు వచ్చి ప్లేట్లలో ఉగ్గాని పెట్టడం మొదలుపెట్టింది.